పద్దెనిమిదో నెల

ఆ రోజుల్లో మా నగరంలో ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగే మాట "బాగున్నవా?" అని కాదు, "రేపు ఉన్నదా?" అని. రేపు ఎలాగూ ఉంటుంది. అడిగేది రేపు బస్సులు ఉన్నాయా, బడి ఉందా, ఆఫీసు ఉందా, లేక బంద్ ఉందా అని. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఏళ్ళవి. మా ఇంట్లో క్యాలెండర్ మీద అమ్మ తేదీలను పెన్నుతో కాక పెన్సిల్‌తో చుట్టేది, చెరపడానికి వీలుగా ఉంటుందని. ఇప్పుడు తలుచుకుంటే ఎవరో తేదీలన్నిటినీ కొంచెం వదులుగా దారానికి కట్టి గాలికి వేలాడదీసినట్టు ఉంటుంది. బంద్ రోజున ఆగిన పనికి బదులు ఆఫీసులు శనివారం తెరిచేవారు. సోమవారం వెళ్ళి శనివారంలో కూర్చునేది. సరిగ్గా ఆ గాలిలోనే నేను నా మొదటి ఉద్యోగంలో తేదీలు చదివే ప్రోగ్రాం ఒకటి రాశాను.

దీన్ని రాసిపెట్టాలని ఇన్నాళ్ళూ అనుకోలేదు. మొన్న నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు క్యాంటీన్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు టీ తాగుతూ చెప్పుకుంటుంటే విన్నాను. వెనకటికి మాదాపూర్‌లో ఒక ప్రోగ్రామర్ ఉండేవాడట. తెలంగాణ ఏ రోజున వస్తుందో ఏడాది ముందే కంప్యూటర్‌లో లెక్కకట్టి చెప్పాడట. పెద్ద గడ్డం ఉండేదట, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. నేను పక్క బల్ల దగ్గర ఇడ్లీ తింటూ ఉండిపోయాను. ఆ ప్రోగ్రామర్ని నేనే. గడ్డం నాకెప్పుడూ సరిగా రాలేదు. లెక్కకట్టిందీ లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండకపోతే ఇంకో పదేళ్ళకు నన్ను హిమాలయాలకు పంపేసేట్టున్నారు. అందుకని రాస్తున్నాను.

మాది బాలానగర్. నాయిన ఒక వర్క్‌షాప్‌లో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. అమ్మ దవాఖానలో నర్సు. నేను డిగ్రీలో చదివింది కామర్స్. కంప్యూటర్ చదువు మాత్రం మా పేటలోని శాఖా గ్రంథాలయంలో అబ్బింది. ఈ మాట అప్పట్లో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడిని. (ఇప్పుడూ చెబుతున్నాను, చూశారు కదా.) అక్కడ ప్రోగ్రామింగ్ మీద ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. లావుపాటిది, ఎవరో దానం చేసింది. మొదటి అట్ట లోపల గడువు తేదీల చీటీ ఉండేది. దాని మీద ముద్రలన్నీ నావే. పదిహేను రోజులకోసారి తీసుకెళ్ళి చూపిస్తే లైబ్రరీ సారు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "మళ్ళీ నువ్వేనా? పెండ్లి చేసుకోరాదూ దాన్ని" అని ముద్ర కొట్టేవారు. ఆ పుస్తకం నాకు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కంఠతా వచ్చు. చివరి అధ్యాయం తేదీల మీద. అది ఒక వాక్యం సగంలో ఆగిపోతుంది. చివరి కాగితాన్ని నాకంటే ముందు ఏ పాఠకుడో చింపుకుపోయాడు. నేనేమో గొప్ప రచయితలు అలాగే ముగిస్తారు కాబోలు అనుకున్నాను.

ఆ పుస్తకం పుణ్యమా అని మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో, ముప్ఫై మంది ఉండే ఆఫీసులో, ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉద్యోగం దొరికింది. ఆరు నెలలు చూసి పనికొస్తానంటే పర్మనెంట్ చేస్తారు, లేకపోతే లేదు. నాయిన ఆ రోజే తేల్చి చెప్పాడు. "బిడ్డా, ఆరు నెల్లు చూస్త. పర్మనెంట్ కాకుంటే మార్చి మొదటి సోమవారం నుంచి నా పక్కన మిషన్ మీద నిలబడాలె. లైబ్రరీల కూసుంటే చేతికి పనిరాదు." ఆయన తిట్టినట్టు అనలేదు. అదే బాధ. నన్ను నిలబెట్టబోయే మిషన్‌కి అప్పుడే నూనె వేయడం కూడా మొదలుపెట్టాడు.

నేను చేరింది ఒక శనివారం, బంద్‌కు బదులు పనిరోజు. ఆ రోజు ఆఫీసులో హెచ్చార్ చూసే అండీ మేడం లేదు. (ఆమెది రాజమండ్రి. మనుషులతోనే కాక, కాగితం ఇరుక్కున్న ప్రింటర్‌తో కూడా "వదలండి, వదలండి, ఏంటండీ ఇది" అనేది, అందుకని ఆ పేరు.) ఊరికి వెళ్ళి, బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయింది. ఆమె కుర్చీలో అడ్మిన్ చూసే స్టాంపు అన్న కూర్చున్నాడు. అన్నది సిద్దిపేట వైపు. టేబుల్ మీద పదకొండు రబ్బరు స్టాంపులుండేవి. ఏ కాగితం దగ్గరికి వచ్చినా కనీసం రెండు ముద్రలు పడకుండా వెనక్కి పోయేది కాదు. సాయంత్రం అయిదు కాగానే ఉద్యమం మీటింగులకు వెళ్ళిపోయేవాడు. నా వివరాలు కంప్యూటర్‌లో ఉద్యోగుల షీట్‌లో ఎక్కించింది ఆయనే.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉండేది. మా మేనేజరు అమెరికాలో తొమ్మిదేళ్ళు ఉండి వచ్చినవాడు. తేదీ రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత రాయాలనేవాడు, అక్కడివాళ్ళు చూస్తారు కాబట్టి. మేము ఆయన్ని నెలముందు సార్ అనేవాళ్ళం. అండీ మేడం నియమం తప్పేది కాదు. స్టాంపు అన్న మాత్రం ఆ రోజు కీబోర్డు ముందు కూర్చుని నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నెల ముందట రాసుడేందిరా? పెండ్లి పత్రిక మీద గట్ల రాస్తరా? మన తారీఖు మనం రాసుకునే హక్కు గూడ లేకపాయెనా మనకు?" అని, నా ప్రొబేషన్ ముగిసే తేదీని ఒక్కో అంకె గట్టిగా నొక్కుతూ కొట్టాడు. పద్దెనిమిది, రెండు, రెండువేల పదమూడు. అంటే ఫిబ్రవరి పద్దెనిమిది. నేను తల ఊపాను. ఆ మాటలో న్యాయం కనిపించింది మరి.

చలికాలం వచ్చేసరికి నెలముందు సార్ నాకో పని అప్పగించారు. షీట్‌లో ఎవరి ప్రొబేషన్ ఎప్పుడు ముగుస్తుందో చదివి, ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ మనిషికి పర్మనెంట్ అయినట్టు ఉత్తరం పంపే ప్రోగ్రాం రాయాలి. ఎవరినైనా ఆపాలనుకుంటే ఆయనే ముందుగా ఆ వరసను పక్కన పెడతారు. "ఇదే నీకు పరీక్ష" అన్నారు. చెప్పడానికి తేలిక. కానీ మనం రాసిన తేదీ కంప్యూటర్‌కు వట్టి అంకెలు, గీతలు. వాటిలో ఏది రోజు, ఏది నెల, ఏది సంవత్సరం అని ఒక నమూనా ఇచ్చి చదివించాలి. దాన్నే పార్సింగ్ అంటారు. నాకు చివరి అధ్యాయం కంఠతా వచ్చు కదా, నమూనా ఇచ్చాను. ముందు నెల, తర్వాత రోజు, ఆ తర్వాత సంవత్సరం. పాత తేదీలతో పరీక్షించాను. అన్నీ చక్కగా చదివింది. జనవరిలో నా పక్క సీటు అతనికి ఉత్తరం గడియారం కొట్టినట్టు తొమ్మిదింటికి వచ్చింది. అతను స్వీట్లు పంచాడు. నేను రెండు తీసుకున్నాను, ఒకటి నా తరఫున, ఒకటి ప్రోగ్రాం తరఫున.

ఫిబ్రవరి పద్దెనిమిది సోమవారం. మా చర్చిలో అప్పటికి నెల రోజులుగా ప్రతి ఆదివారం నా పర్మనెంట్ కోసం ప్రార్థన నడుస్తోంది. అమ్మ చీటీ రాసిచ్చేది, పాస్టరు అయ్యగారు చదివేవారు. "మన సహోదరి కుమారుడి ఉద్యోగం ఫిబ్రవరి పద్దెనిమిదిన స్థిరపడులాగున..." సంఘమంతా ఆమెన్ అనేది. దేవుడికి తేదీ ఇంత స్పష్టంగా చెప్పిన కుటుంబం మా పేటలో ఇంకోటి లేదు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిదిన్నరకే సీట్లో కూర్చున్నాను. తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. మెయిల్ డబ్బా తెరిచి మూసి, మూసి తెరిచి, చివరికి కంప్యూటర్‌నే ఆపి మళ్ళీ వేశాను. పదింటికి ఒక మెయిల్ వచ్చింది. నీళ్ళ డబ్బా దగ్గర చేతులు కడుక్కోవద్దని స్టాంపు అన్న అందరికీ పంపింది.

అడగవచ్చు కదా అని మీరంటారు. ఆ ఆఫీసులో అడిగే అలవాటు లేదు. ఉత్తరం రాలేదంటే సార్ ఆపారని అర్థం, ఆగిపోయినవాళ్ళు మౌనంగా ఇంకొన్నాళ్ళు పనిచేయడమో, మానుకోవడమో. సార్ అప్పుడు నెల రోజుల పని మీద అమెరికాలో ఉన్నారు. ప్రోగ్రాం తప్పు చేసి ఉంటుందేమో అన్న అనుమానం కూడా నాకు కలగలేదు. ఎలా కలుగుతుంది? దాన్ని రాసింది నేను. నా మీద నాకు ఎన్ని అనుమానాలున్నా నా చదువు మీద ఒక్కటి కూడా ఉండేది కాదు.

ఇంట్లో "సార్ ఊళ్ళో లేడు, వచ్చినంక ఇస్తడు" అన్నాను. అమ్మ పెన్సిల్ చుట్టను చెరిపి పక్క వారం మీద చుట్టింది, తర్వాత ఇంకో వారం మీద. ఆ రెండు వారాలూ నేను ఒక కలలో తిరిగాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని బయటికి వెళ్ళిపోయేవాడిని. అద్దాల భవనాల వెనక ఇంకా పగలగొట్టని రాతిగుట్టలుండేవి అప్పుడు, ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుకుంటూ పేర్చి మరిచిపోయినట్టు. వాటి పక్క రోడ్డంతా ఆకుల్లేని చెట్లకు గులాబి రంగు పూలు పూసి, రాలి, నడిచేవాళ్ళ బూట్లకు అంటుకునేవి. ఎండలో కూర్చుని చూస్తుంటే ఆ భవనాలన్నీ ఆకాశంలోనే కట్టినట్టు, వాటిలో నాకు తప్ప అందరికీ సీటు ఉన్నట్టు తోచేది. సాయంత్రం కొత్తగూడ చౌరస్తా దాకా నడిచి షేర్ ఆటో ఎక్కేవాడిని. కిటికీ లేని ఆ ఆటోలో చల్లగాలి ముఖానికి కొడుతుంటే, బాలానగర్ రాకుండా ఇది ఇలాగే ఎటో పోతూ ఉంటే బాగుండును అనిపించేది.

మార్చి మొదటి శనివారం నాయిన నన్ను వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళాడు. ఊరికే చూసి పోదువు రమ్మన్నాడు. లోపల ఇనుము, నూనె కలిసిన వాసన. నాకోసం తుడిచిపెట్టిన మిషన్ మెరుస్తోంది. దాని పక్కన ఒక స్టూలు కూడా వేసి ఉంది, దాని మీద పాత దిండు. (ఆ దిండు చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.) నాయిన అప్పుడే తీసిన కడ్డీల మీద, రెండు వైపులా నోళ్ళున్న చిన్న ఇనప గేజ్ ఒకటి పెట్టి చూస్తున్నాడు. ఒక నోట్లో కడ్డీ దూరాలి, రెండోదాంట్లో దూరకూడదు. ఒక కడ్డీ రెండింటిలోనూ దూరింది. దాన్ని పక్కనున్న ఎర్ర డబ్బాలో పడేశాడు.

"కొంచెమే కద నాయినా, సర్దుకోదా?" అన్నాను.

"సర్దుకుంటది. ఇయ్యాల గేజ్ ఊకుంటది, రేపు గాడ బండి నడిచేటప్పుడు ఇరుగుతది. ఒద్దు అనేటందుకే రా ఈ గేజ్ ఉన్నది. అన్నిటికీ సరే అనేదానికి గేజ్ ఎందుకు?"

సోమవారం పొద్దున రాజీనామా ఉత్తరం రాశాను. మంచి భాషలో రాశాను, లైబ్రరీ చదువు ఊరికే పోతుందా? ప్రింటు తీసి, మడిచి, అండీ మేడం టేబుల్ మీద పెట్టాను.

ఆమె చదివి అద్దాలు తీసేసింది. "ఇదేంటండీ? బావుందా అసలు? ఏమయిందండీ మీకు?"

"పర్మనెంట్ కాలేదు కదా మేడం."

"కాకపోవడమేంటండీ? సారు వెళ్ళేముందు ఎవర్నీ ఆపలేదే! ఉండండి, చూస్తాను." నేను రాసిన ప్రోగ్రామే తెరిచింది. నా వరస దగ్గర వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది. "ఏవండీ... మీకు ఇరవయ్యొక్క నెలల ప్రొబేషనా అండీ?"

తెర మీద నా పేరు ఎదురుగా ఉత్తరం వెళ్ళవలసిన తేదీ ఉంది. రెండు జూన్ రెండువేల పద్నాలుగు.

ఆపడమే కాదు, ఇంకో పదిహేను నెలలు ఆపారు! ఇంత పగ నా మీద ఎవరికి? అండీ మేడం అప్పటికే గొంతెత్తి పిలిచింది. "అన్నగారూ! ఒకసారి ఇలా రండి, ఈ అబ్బాయి తేదీ మీరేగా ఎక్కించింది?"

స్టాంపు అన్న చేతిలో స్టాంపుతోనే వచ్చాడు. "నేనే కొట్టిన. పద్దెనిమిది, రెండు, పదమూడు. సాఫ్‌గ కొట్టిన. షీట్ తెరువుండ్రి." తెరిచింది. ఆయన చెప్పినట్టే ఉంది, రోజు ముందు, నెల వెనక. "సూసినరా? జూన్ యాడికెళ్ళి వచ్చింది? నేను జూన్ అననే లేదు. ఎవడో నడుమల గడ్‌బడ్ చేసిండు. ఎవడు రాసిండు ఈ పోగ్రాము?"

అప్పుడు వెలిగింది నాకు. నా ప్రోగ్రాం నెల ముందుంటుందని నమ్మింది. అన్న పద్దెనిమిది ముందు కొట్టాడు. అంటే అది చదివింది పద్దెనిమిదో నెల, రెండో రోజు అని. పద్దెనిమిదో నెల ఏమిటి అని అడగాలి కదా? అడగలేదు. ఒద్దు అనడం దానికి రాదు. చుట్టాలు ఎక్కువై కుర్చీలు చాలకపోతే పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి వేసే మనిషిలా, పన్నెండు నెలలు దాటాక వచ్చే ఏడాదిలోంచి ఆరు నెలలు తెచ్చి వేసుకుంది. పదమూడోది జనవరి, పద్నాలుగోది ఫిబ్రవరి, అలా లెక్కపెట్టుకుంటూ పద్దెనిమిదోది జూన్. అంతే. నన్ను ఎవరూ ఆపలేదు. నేనే ఆపుకున్నాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అన్న తారీఖు తిప్పి కొట్టాడని ఒక్క మాట అంటే నా ప్రోగ్రాం మీద మచ్చ పడేది కాదు. నియమం తప్పింది ఆయనే. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎందుకో ఎర్ర డబ్బాలో పడ్డ కడ్డీ చప్పుడు గుర్తొచ్చింది. "నేనే రాసిన అన్నా. తప్పు నా గేజ్‌ది" అన్నాను. అక్కడున్న వాళ్ళెవరికీ గేజ్ అంటే ఏమిటో అర్థం కాలేదు.

అండీ మేడం అప్పటికప్పుడు నెలముందు సార్‌కి ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టింది. నేను మొత్తం చెప్పాను. పద్దెనిమిదో నెల దాకా వచ్చేసరికి అటు వైపు చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను తెగిందనుకున్నాం. తర్వాత ఏదో పొలమారినట్టు చప్పుడు. సార్ నవ్వుతున్నారు. "అంటే... రాసినవాడినే... ఆపేసిందా అది?" అని, ఊపిరి తీసుకుని, "షీట్‌లో ఎవరేం రాసినా, నువ్వు నమ్మే ముందు చూడాలి కదయ్యా. సాయంత్రంలోగా సరిచెయ్యి. మేడం, వాడికి చేతి మీదుగా ఉత్తరం ఇచ్చేయండి, ఆ ప్రోగ్రాంను మాత్రం నమ్మకండి" అన్నారు. స్టాంపు అన్న స్పీకర్ వైపు వంగి, "సార్, నెల ముందట రాయకుంటే ఈ పరేషాన్ ఉండేదా?" అన్నాడు. ఫోన్ పెట్టేసిన చప్పుడయింది.

ఉత్తరం అండీ మేడం టైపు చేసింది. ముద్రలు స్టాంపు అన్న వేశాడు, నాలుగు. నాలుగోది "సరుకు అందినది" అన్న ముద్ర. "ఖాళీ కనబడ్డది, కొట్టిన" అన్నాడు. ఆ సాయంత్రం ప్రోగ్రాంకి గేజ్ పెట్టాను. నెల పన్నెండు దాటితే చదవకు, పక్కన పెట్టి మనిషిని అడుగు. పన్నెండు లోపు తేదీలను తిప్పి రాస్తే ఏ గేజూ పట్టుకోలేదు కాబట్టి, షీట్‌లో నెలను ఇకపై అంకెతో కాక పేరుతో రాయాలని ఒక విన్నపం పెట్టుకున్నాను. దానికి నెలముందు సార్, స్టాంపు అన్న ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం ఆ ఆఫీసులో అదే మొదలు.

ఇంటికి వెళ్ళి ఉత్తరం నాయిన చేతిలో పెట్టాను. ఆయన ఇంగ్లీషు చదవలేడు. ముద్రలు లెక్కపెట్టాడు. "నాలుగున్నయ్. అంటే పక్కానే" అన్నాడు. జరిగింది చెప్పాను. మొత్తం విని, "మీ మిషన్ పద్దెనిమిదో నెలకు గూడ సరే అన్నదా?" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. మర్నాడు ఆ స్టూలు మీది దిండు ఇంటికి తెచ్చి, ఏమీ అనకుండా నా కుర్చీలో వేశాడు. అమ్మ క్యాలెండర్ మీద మొదటిసారి పెన్నుతో చుట్టింది.

ఆ ఎండాకాలంలో నగరంలోని పెద్ద గ్రంథాలయంలో అదే పుస్తకం ఇంకో ప్రతి కనిపించింది. నిలబడే చివరి అధ్యాయం తెరిచాను. నాకు తెలిసిన సగం వాక్యం అవతలి పేజీలో పూర్తయింది. ఈ పద్ధతి దయగలది, లేని తేదీలను కూడా ముందుకు జరిపి ఒప్పుకుంటుంది, కఠినంగా ఉండాలంటే మీరే దానికి చెప్పాలి అన్న మాట అక్కడ ఉంది. చెప్పడానికి ఒకే ఒక్క వరస. అన్ని ప్రార్థనలు, అంత రాజీనామా, ఆ దిండు, అంతా ఒక్క వరస కోసం. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. కోపం రాలేదు. పద్దెనిమిదో నెల గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ నెలలో ఎండలుంటాయా, వానలా? మామిడిపళ్ళు వస్తాయా? బంద్‌లు ఉంటాయా? పన్నెండు నెలల్లో పట్టనివన్నీ, వాయిదా పడ్డ పెళ్ళిళ్ళు, పరీక్షలు, మన మీటింగులు, మన కోరికలు, అందులో వెళ్ళి కూర్చుంటాయేమో అనిపించింది.

మరుసటి ఏడు మార్చిలో ఒక పొద్దున స్టాంపు అన్న ఆయాసపడుతూ నా సీటు దగ్గరికి వచ్చాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడే రోజును ప్రకటించారు. "అరేయ్ లైబ్రరీ! (నా పేరు అదే అక్కడ.) నీకు పోయినేడు తప్పు తారీఖు పడ్డది సూడు, అది ఏందిరా?"

"జూన్ రెండు అన్నా. ఎందుకు?"

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "మా నాయకులకు ఎవ్వలికీ తెల్వదురా అప్పటికి. నీ పోగ్రాముకు ఎట్ల తెలిసిందిరా?"

అది కాకతాళీయం అన్నా, అని పద్దెనిమిదిలోంచి పన్నెండు తీసివేసి మూడుసార్లు చూపించాను. వినలేదు. మధ్యాహ్నానికి మూడు అంతస్తులకు పాకింది. సాయంత్రానికి నాకు గడ్డం మొలిచింది. ఆ తర్వాత నేను ఒంటరిగా ప్రోగ్రాం లోపలికి వెళ్ళి చూశాను. నిరుడే షీట్ సరిచేశాను, ప్రోగ్రాం సరిచేశాను, కానీ పాత తప్పు తేదీతో పంపడానికి సిద్ధం చేసుకున్న నా ఉత్తరం లోపల వరసలో ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. దాన్ని తీసెయ్యాలి. అది నా పని. కాసేపు దాన్ని చూసి, తీసెయ్యకుండానే, కిటికీ మూసినట్టు నెమ్మదిగా మూసేశాను.

జూన్ రెండు పొద్దున మా వీధంతా డప్పులు, రంగులు. నాయిన అరుగు మీద కూర్చుని ఎవరో పూసిన గులాల్ తుడుచుకోకుండా టీ తాగుతున్నాడు. సరిగ్గా తొమ్మిదింటికి ఫోన్ మోగింది, మెయిల్. 'మీ ప్రొబేషన్ నేటితో ముగిసినదని తెలుపుటకు సంతోషిస్తున్నాము.' దాని నకలు అడ్మిన్‌కీ హెచ్చార్‌కీ కూడా వెళ్తుంది. నిమిషంలో స్టాంపు అన్న ఫోను.

"వచ్చిందిరా!"

"తెలంగాణా అన్నా?"

"గది రాత్రే వచ్చింది. నీ ఉత్తరం వచ్చిందిరా! నీకు గాదురా అది, మాకందరికి రాసిండ్రు." ఆయన గొంతు బొంగురుగా ఉంది, అరిచి అరిచి అయి ఉంటుంది. నేను అలాగే అనుకున్నాను. అంతలో ఆయన అండీ మేడంను కూడా లైన్లోకి కలిపాడు. ఆమె, "శుభాకాంక్షలండీ ఇద్దరికీ" అంది. కొంచెం ఆగి నవ్వుతూనే, "నాకేమో ఇవాళ్టి నుంచే ప్రొబేషన్ మొదలైనట్టుందండీ" అంది.

ఫోన్లో మూడు వైపులా డప్పుల చప్పుడే వినిపించింది కాసేపు. స్టాంపు అన్న తన జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను వినలేదు. తర్వాత అన్నాడు. "మేడం, మీది కన్ఫర్మ్ అయ్యి ఎన్నేండ్లాయె. ఫికర్ జేయకుండ్రి. కావాల్నంటే కాగితం మీద రాసిస్త." ఆమె మర్నాడు ఆఫీసుకి వచ్చేసరికి టేబుల్ మీద నిజంగానే ఒక తెల్లకాగితం ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు. పదకొండు స్టాంపుల ముద్రలూ ఉన్నాయి. ఆమె దాన్ని అద్దం కింద పెట్టుకుంది. నేను ఆ కంపెనీ వదిలిన రోజున కూడా అక్కడే ఉంది.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు రాసిన ప్రోగ్రాంలు నేను చూస్తాను. తేదీలకు గేజ్ లేకపోతే వెనక్కి పంపిస్తాను. చాలా కఠినం అంటారు నన్ను. అప్పుడప్పుడు అద్దంలోంచి రోడ్డు మీద రాలిన గులాబి రంగు పూలు కనిపిస్తే, ఇస్త్రీ చొక్కాతో అన్నం డబ్బా పట్టుకుని గుట్టల వైపు నడిచిపోయే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ప్రపంచమంతా తనని ఆపేసిందనుకుంటున్నాడు, తన కాలిని తానే తొక్కిపట్టి ఉన్నాడని తెలియక. పిలిచి చెబుదామనిపిస్తుంది. వాడు వినడు. పుస్తకం కంఠతా వచ్చినవాడు కదా.

ఈ సంగతి జరగడానికీ, జరిగాక నేను మిగలడానికీ కారణమైనవాళ్ళకు దండాలు. గేజ్ చూపించిన నాయినకు, పెన్సిల్ పట్టిన అమ్మకు, నా తేదీని దేవుడి దాకా మోసిన అయ్యగారికి, నా రాజీనామాను చదివి అద్దాలు తీసిన అండీ మేడంకు, ఫోన్లో నవ్విన నెలముందు సార్‌కు, మన తారీఖు మనం రాసుకోవాలన్న స్టాంపు అన్నకు, ఒకే పుస్తకం మీద అన్నిసార్లు ముద్ర కొట్టిన లైబ్రరీ సారుకు. చివరగా, ఆ ఆఖరి కాగితం చింపుకుపోయిన పాఠకుడికి. మీరెవరో నాకు తెలియదు. దాని గడువు దాటి చాలా ఏళ్ళయింది. తొందరేమీ లేదు, పద్దెనిమిదో నెలలో తెచ్చివ్వండి.